జాలీకి మూడో మాసిక

కిటికీ జాలీకి మళ్ళీ చిల్లు పడింది.

సిలార్ మోకాళ్ళ మీద వంగి చూశాడు. అదే కిటికీ, అదే కింది మూల. వేలు దూరేంత చిల్లు. పోయిన శుక్రవారం వేసిన మాసిక ఒక పక్క ఊడి, లోపలికి మడత పడి ఉంది. దానికి ముందు వేసిన మాసికా ఇలాగే ఊడింది.

పులికాట్ సరస్సు ఒడ్డున, జాలరి పల్లెకు కాస్త ఎడంగా ఉన్న పెంకుటిల్లు అది. హయాత్ బాబా ఉండే ఇల్లు. సిలార్ ఆయన దగ్గర శిష్యుడిగా చేరి పదకొండేళ్ళయింది. అంతకుముందు సూళ్ళూరుపేటలో దర్జీ. మంచి పనివాడని పేరు. అతను వేసిన కుట్టు బట్ట చిరిగినా ఊడదనేవాళ్ళు.

వానాకాలం చివర బాబాకు విషజ్వరం వచ్చింది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఒకరోజు డాక్టరు సిలార్‌ను వరండాలోకి పిలిచి, ఆయనకు కావలసినవాళ్ళు ఎవరైనా ఉంటే కబురు చెయ్యమన్నాడు.

"నేనే కావలసినవాణ్ణి" అన్నాడు సిలార్.

బాబా బతికారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండే రెండు జాగ్రత్తలు చెప్పాడు. దోమ కుట్టకూడదు. రెండు నెలలు జనం ఆయన్ని శ్రమ పెట్టకూడదు.

సిలార్ ఆ రెండు మాటలనూ ప్రాణంగా పట్టుకున్నాడు. తుప్పు పట్టి చిరిగిపోయిన పాత జాలీలు పీకేశాడు. పుచ్చిన చెక్క బద్దలు మార్చాడు. కొత్త నైలాను జాలీని తబలా మీది తోలులా బిగించి, బెత్తెడుకో మేకు కొట్టాడు. వీధి తలుపుకు గడియ పెట్టాడు. గురువారం బాబాను చూడ్డానికి వచ్చే జనాన్ని తానే బయట నిలబడి వెనక్కి పంపుతున్నాడు.

"నన్ను దాటి దోమ కూడా లోపలికి పోదు" అన్నాడొకసారి ఎవరితోనో. అన్నాక తనకే ఆ మాట బాగుందనిపించింది.

ఇప్పుడీ చిల్లు.

ఊడిన మాసికను వెలుగులో పెట్టి చూశాడు. ఎలుక కొరికితే అంచు పీచు లేస్తుంది. ఉడత గీరితే జాలీ సాగుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. దారం మాత్రమే తెగింది. అదీ ఒక్కో కుట్టు దగ్గర ఒక్కో కోత, కత్తిరించినట్టు.

"బాబా, ఇది ఎలుక పని కాదు" అన్నాడు.

మంచం మీద కూర్చుని జామకాయ కోసుకుంటున్న బాబా తలెత్తారు.

"కాదు బేటా. ఎలుకకి ఇంత ఓపిక ఉండదు."

"మరి ఏందై ఉంటది?"

"నువ్వు దర్జీవి. నీకు తెలియని కుట్టా?"

బాబా నవ్వి జామకాయ ముక్క అతని చేతిలో పెట్టారు. సిలార్ అది నములుతూ ఆ చిల్లు వంకే చూస్తూ కూర్చున్నాడు. అతనికి కోపం పోయింది. దాని సంగతేమిటో చూడాలనే కుతూహలం పట్టుకుంది.

ఆ సాయంత్రమే జాలరి పల్లెకు వెళ్ళి వలలు కుట్టే దారం తెచ్చాడు. జాలీ ముక్కను రెండు పొరలుగా మడిచి, అంచులు లోపలికి తిప్పి, రెండు వరసల్లో కుట్టాడు. తీగలాంటి దారం వేళ్ళు కోసింది. లెక్కచెయ్యలేదు. చివరి ముడి వేసి గోరుతో లాగి చూశాడు. కదల్లేదు.

శనివారం చూశాడు. బాగానే ఉంది. ఆదివారం, సోమవారం, చివరికి బుధవారం కూడా బాగానే ఉంది. అప్పుడు తట్టింది అతనికి. మూడుసార్లూ తను చిల్లును చూసింది శుక్రవారం పొద్దునే.

అంటే ఏం జరిగినా గురువారమే జరుగుతోంది. తను వీధి తలుపు దగ్గర జనంతో మాట్లాడుతున్నప్పుడు.

గురువారం మధ్యాహ్నం ఎండ వాలేసరికి జనం పలచబడ్డారు. మిగిలిన ఇద్దరు ముగ్గురిని కూడా పంపేసి, సిలార్ చెప్పులు విప్పి, గోడ పక్కగా ఇంటి వెనక్కి నడిచాడు. మునగచెట్టు పక్కన నిలబడి చూశాడు.

కిటికీ లోపల బాబా కూర్చుని ఉన్నారు. చేతిలో జామకాయలు కోసే చిన్న చాకు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, మాసిక కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్నారు. వల దారం గట్టిది. ఒక్కో కుట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

సిలార్ కిటికీ వైపు అడుగు వెయ్యబోయాడు.

అంతలో సరస్సు వైపు నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. ఒక ముసలామె కర్రతో దారి తడుముకుంటూ వస్తోంది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. చూపు లేదు. గోడ దొరికేదాకా చెయ్యి చాపి, గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చి, కింద కూర్చుంది. వేళ్ళతో జాలీ తడిమింది. ఆ చిల్లులోంచి బాబా చూపుడు వేలు బయటికి వచ్చింది. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"వారం గడిచింది సామీ."

"గడిచింది తల్లీ."

"నా బిడ్డ రాలా."

బాబా వేలు వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఆ వేలు పట్టుకునే అడిగింది. "వచ్చే వారం కూడా గడుస్తదా సామీ?"

"గడుస్తుంది తల్లీ."

"సరే" అని ఆమె వేలు వదిలింది. కర్ర అందుకుని లేచి, వచ్చిన దారినే బయల్దేరింది.

సిలార్ గబగబా చుట్టూ తిరిగి లోపలికి వచ్చి, అలవాటుగా గడియ వేశాడు. బాబా ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు. దాపరికమేమీ లేకుండా చాకు ఒళ్ళోనే ఉంది.

"ఎవరు బాబా ఆమె?"

"కావమ్మ. కొడుకు పడవేసుకుని పోయి రెండేళ్ళయింది. తిరిగి రాలేదు. పాత జాలీ ఆ మూల చిరిగి ఉండేది. అక్కడ కూర్చుని నా వేలు పట్టుకోవడం ఆమెకు అలవాటు."

"ఆ చిల్లులోంచి దోమలు వస్తాయి బాబా!"

"వచ్చాయి" అన్నారు బాబా మోచెయ్యి గోక్కుంటూ. "కుట్టాయి కూడా."

"నాకు ఒక్క మాట చెప్తే తలుపు తీసేవాణ్ణి కదా!"

బాబా అతని వైపు చూశారు. ఆ చూపు ముందు సిలార్‌కు మెల్లగా గుర్తొచ్చింది. కొత్త జాలీకి మేకులు కొడుతున్న రోజు. 'కావమ్మ అని ఒకామె వస్తుంది బేటా, లోపలికి రానివ్వు' అన్నారు బాబా. తను సుత్తి ఆపకుండానే, 'ఒక్కరికి తీస్తే అందరికీ తియ్యాలి బాబా' అన్నాడు. మరుసటి వారం ఆయన మళ్ళీ అడిగారు. 'మీరు పడుకోండి' అన్నాడు తను.

"చెప్పారు" అన్నాడు సిలార్. "రెండుసార్లు చెప్పారు. నన్ను కసురుకోవాల్సింది బాబా."

"ఎందుకు? నా ప్రాణం కోసం కాపలా ఉన్నావు. తలుపు నీ చేతిలో పెట్టాను. నా చేతిలో ఒక్క వేలే మిగిలింది."

సిలార్ గడియ తీసి బయటికి పరుగెత్తాడు.

కావమ్మ ఎంతో దూరం పోలేదు. ఉప్పు నేల దగ్గర, కర్రతో గట్టు వెతుక్కుంటోంది. అతను దగ్గరికి పోయి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ వేళ్ళు తడిమి ఆగిపోయింది.

"ఈ గాట్లేంది అబ్బయా? దారం కోసిన గాట్లు. నువ్వూ వల కుడతావా?"

"లేదమ్మా. కిటికీ జాలీ కుట్టాను."

"ఓ, అది నీ పనా!" ఆమె ముఖం విప్పారింది. "నలభై ఏళ్ళు వలలు బాగుచేశాను నేను. ఇందాక ఆ మాసిక తడిమి చూసి అనుకున్నా, ఎవరో గాని భలే పనివాడని. ఎంత గట్టి కుట్టు అబ్బయా! చీమ కూడా దూరదు."

సిలార్ ఆమె చెయ్యి వదల్లేదు. నెమ్మదిగా ఆమెను బాబా ఇంటివైపు తిప్పాడు.