బస్సు వెళ్లిపోయాక

ప్రశ్న విన్న వెంటనే జవాబు చెప్పే అలవాటు శేషాచల గురువుకు లేదు. విన్నానన్నట్టు తల ఊపి, చేస్తున్న పనిలో పడేవాడు. ఒక్కోసారి అడిగినవాడే తన ప్రశ్న మరిచిపోయేవాడు.

శిష్యుడు పరాంకుశం మాత్రం మరిచిపోలేదు. ఆశ్రమంలో జబ్బుపడ్డ ఒక ముసలి యాత్రికుడికి వేసవి అంతా అతనే సేవ చేశాడు. ఒళ్లు తుడిచాడు, అన్నం తినిపించాడు, నిద్ర మానుకున్నాడు. ఆయన కోలుకుని, దీవించి వెళ్లిపోయాడు.

"ఆయన వాకిలి దాటగానే నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది స్వామీ," అన్నాడు పరాంకుశం. "ఎంతో హాయి అనిపించింది. మరి ఇన్నాళ్లూ నేను చేసింది ప్రేమతోనా, లేక అంతా నటనేనా?"

గురువు తల ఊపాడు. మర్నాడు ఇద్దరూ పక్క మండలంలో ఉన్న ఒక భక్తుణ్ణి చూడడానికి కాలినడకన బయల్దేరారు.

తొలకరి రోజులవి. మధ్యాహ్నం దాటాక దారిలో వాన పట్టుకుంటే ఒక నేతగాని ఇంటి అరుగు ఎక్కారు. ఆయన పేరు రాజమల్లు. వాచిన మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. భార్య అనసవ్వ గడప పక్కనే, చాప కూడా వేసుకోకుండా, చెయ్యి తలకింద పెట్టుకుని ఒరిగి ఉంది. వచ్చినవాళ్లను చూసి లేవబోతే గురువు వద్దన్నాడు.

"ఏమనుకోకుండ్రి సామీ. నడుము లేస్తలేదు," అందామె.

వాళ్ల కూతురూ అల్లుడూ సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పనిచేస్తారట. చాలా ఏళ్లకు పిల్లల్ని తీసుకుని వచ్చి, కొన్నాళ్లుండి, ఆ రోజే తిరుగు ప్రయాణమయ్యారు. మనవరాలికి తెలుగు కొద్దిగా వచ్చు, నాలుగేళ్ల పిల్లవాడికి అసలు రాదు. పిల్లలు అన్నం ముట్టకపోతే అనసవ్వ పూటపూటకూ వాళ్లకు గోధుమరొట్టెలు చేసింది. చివరికి వాళ్లే పచ్చిపులుసన్నం అడిగి మరీ తిన్నారట. అది చెబుతూ ఆమె పడుకునే నవ్వింది. పిల్లవాడు తాత భుజం దిగేవాడు కాదు. ఊరంతా అలాగే తిరిగారు, ఆ మోకాలు అందుకే వాచింది.

"వాడు ఏదేదో అడుగుతుండె సామీ. నాకు సమజ్ కాకపాయె. అన్నిటికీ 'హా' అన్న," అన్నాడు రాజమల్లు. "మాతోటి మా ఇంటికొస్తవా అని అడిగిండట. నేను హా అంటినట. ఇయ్యాల బస్సు కాడ నా చెయ్యి ఇడువలె. వేళ్లు ఒక్కొక్కటే ఇడిపించుకున్న." ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు.

"పాపం, ఇల్లు బోసిగా ఉందేమో," అన్నాడు పరాంకుశం, ఏదో ఒకటి అనాలని.

"పోయిండ్రు సామీ," అంది అనసవ్వ కళ్లు మూసుకుని. "హాయిగున్నది."

పరాంకుశం ఉలిక్కిపడి గురువు వైపు చూశాడు. గురువు చూరు నుంచి కారుతున్న నీళ్లను చూస్తున్నాడు. అనసవ్వ అప్పటికే నిద్రపోయింది.

సాయంత్రానికి వాన సన్నగిల్లింది. వాళ్లు లేవబోతుండగా రాజమల్లు ఫోను మోగింది. విని, భార్య భుజం తట్టాడు. ముందర వాగు పొంగి రోడ్డెక్కిందట, బస్సును వెనక్కి పంపేశారట, పిల్లలు తిరిగివస్తున్నారట.

అనసవ్వ చాలాసేపు కళ్లు తెరవలేదు.

"మళ్ల రొట్టెలు చెయ్యాల్నా," అంది. ఆ గొంతులో సంతోషమేమీ లేదు. తలుపుచెక్క పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా లేచి నిలబడింది. "తడిసి ఉంటరు పోరగాండ్లు. నీళ్లు కాగవెట్టాలె," అంటూ కొంగు నడుముకు దోపుకుని పెరట్లోకి వెళ్లింది.

రాజమల్లు మోకాలి గుడ్డ విప్పి పక్కన పడేశాడు. గొడుగు తీసుకుని మెట్టు దిగుతూ ఒకసారి ఆగాడు, నొప్పికి.

"ఈ కాలితో ఎందుకు? బస్సు దిగి వాళ్లే వస్తారుగా," అన్నాడు పరాంకుశం.

"నేను కనవడితే వాడు నడువడు సామీ. భుజమెక్కాలె," అని రాజమల్లు కుంటుకుంటూ రోడ్డు వైపు సాగాడు.

పెరట్లోంచి పొగ వచ్చింది. వెంటనే అనసవ్వ దగ్గు వినిపించింది.

"స్వామీ," అన్నాడు పరాంకుశం, "ఆమె ఇందాక అన్నమాట..."

"విన్నాను," అన్నాడు గురువు. "కట్టెలు తడిసినట్టున్నాయి. వెళ్లి ఆ పొయ్యి ఊదు."