చెంచయ్య రాసిన దారిపలక

మా తాతల తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, దారుల పక్కన పలకలు రాసే చెంచయ్య అని ఒకాయన ఉండేవాడు. ఒక కుంచె, ఒక రంగుముంత, ఒక చిరుగుల చొక్కా, అంతే ఆస్తి. కానీ ఆ రాత ఏం రాతండీ! తలకట్టు పెడితే తలపాగా చుట్టినంత నిండుగా ఉండేది. బాటసారులు పని మరిచి చూసేవాళ్లు.

ఆయన ఊరి బయట దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి వాగులోకి దిగుతుంది. వానాకాలంలో కొత్తవాళ్లు తెలియక దిగి కొట్టుకుపోయేవాళ్లు. ఊరి పెత్తందారు చెంచయ్యను పిలిచి, "ఎడమకు వాగు, పోవద్దు అని రాయి. వానలొచ్చేలోపల అయిపోవాల" అన్నాడు.

చెంచయ్య రాశాడు. నూరడుగులు వెనక్కి నడిచాడు. గుర్రం మీద వచ్చే దొరను అడిగాడు.

"కనపడతా ఉందా?"

"కనపడతా ఉంది."

బండివాణ్ని అడిగాడు. వాడూ కనపడతా ఉందన్నాడు. పూసలమ్మే అవ్వను అడిగాడు. ఊరూరా పలకలు చూసి చూసే అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. కళ్లు చికిలించి, "లేదు నాయనా, అలికేసినట్టుంది" అంది.

చెంచయ్య చెరిపేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ వెనక్కి నడిచాడు, మళ్లీ అడిగాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెరిపేశాడు.

పెత్తందారుకు ఒళ్లు మండింది. "దొరే చదివినాడు గదరా! ముసల్దాని కోసం చెరుపుతావా?"

"దొరకు దారి చెప్పేదానికి పదిమంది ఉంటారయ్యా. అవ్వకు ఈ పలకొకటే."

మూడోసారి మెలికలు తగ్గించాడు. గీత లావు చేశాడు. అక్షరాల మధ్య గాలాడేంత చోటు వదిలాడు. అవ్వ గడగడా చదివేసింది. చెంచయ్య చిన్నపిల్లాడిలా గంతేశాడు.

ఆ తర్వాత నాలుగో రోజు కుండపోత వాన. పెత్తందారు కొత్త వియ్యాలవారు పిల్లాజెల్లాతో మూడు బళ్లలో మొదటిసారి వస్తున్నారు. ముందు బండి ఎడమకు తిరగబోయింది. అంతలో బండివాడు పగ్గాలు బిగబట్టి, "ఆపండి! వాగంట!" అని అరిచాడు. మూడు బళ్లూ ఆగాయి.

"ఆ వానలో నా అరచెయ్యే నా కంటికి ఆనలేదయ్యా, ఆ అక్షరాలు ఆనినాయి" అన్నాడు వాడు, పెత్తందారు ఇంటికి చేరాక.

పెత్తందారు తడుస్తూనే చెంచయ్య గుడిసెకు పరుగెత్తాడు. చేతులు పట్టుకున్నాడు. చెంచయ్య ఒకటే అడిగాడు.

"కనపడిందా?"

"కనపడింది, చెంచయ్యా!" అని ఏడ్చేశాడు అంత పెద్దమనిషీ.

కొన్నేళ్లకు చెంచయ్య పోయాడు. పలక రంగు వెలిసినప్పుడల్లా ఆయన గీతల మీదే రంగు దిద్దుతూ వచ్చారు. ఆ చుట్టుపక్కల బోర్డు రాసేవాళ్లు ఇప్పటికీ నూరడుగులు వెనక్కి నడిచి, అందరికంటే ముసలివాళ్లనే అడుగుతారు. బస్సు ఆ చీలిక దగ్గర మలుపు తిరిగితే, కిటికీ పక్కనున్నవాళ్లు "కనపడతా ఉంది, చెంచయ్యా!" అని పైకే అంటారు. చూపు తగ్గిన ముసలమ్మలైతే ఇంకాస్త గట్టిగా అంటారు.