అద్దంకి దగ్గర ఆగిన జాబితా

మధ్యాహ్నం మూడయ్యేసరికి హైమకి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నలభైమూడు ఊళ్ళలో కంప్యూటర్ పరీక్ష. ప్రతి ఊరి మెషిన్‌కీ ఈ ఆఫీసు నుంచే తాళం ఫైలు పంపాలి. అది చేరని ఊళ్ళో ప్రశ్నపత్రం తెరుచుకోదు. పిల్లలు ఖాళీ తెర ముందు కూర్చుని వెళ్ళిపోవాల్సిందే.

హైమ రాసిన ప్రోగ్రాం నాలుగే నాలుగు లైన్లు. ఒక కమాండ్ ఊళ్ళ జాబితా ఇస్తుంది. అది పైపు అనే దారిలోంచి లూపులోకి, అంటే ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేసే లైన్లలోకి, వస్తుంది. లూపు ఒక్కో లైనూ చదివి, ఎస్‌ఎస్‌హెచ్ అనే కమాండ్‌ని ఆ ఊరి మెషిన్ దగ్గరికి పంపుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నడిపితే మాత్రం అద్దంకి ఒక్కదానికే పంపి, పనైపోయిందని ఊరుకుంటోంది. ఎక్కడ తప్పో ఒక్క ముక్క చెప్పదు. చెబితే కదా పట్టుకోవడానికి!

పదకొండుసార్లు నడిపింది. పదకొండుసార్లూ అద్దంకే.

అసలు ఆ రోజు మొదలే బాగాలేదు. బల్లమీద పెట్టిన ఊళ్ళ జాబితా కాగితాన్ని అటెండరు సింహాచలం రికార్డు రూముకి పట్టుకుపోయాడు. బల్లమీది కాగితాలు అక్కడికి చేర్చడం, ఏళ్ళ తరబడి అతనికదే పని, అదే అలవాటు. "సింహాచలం! నీకెన్నిసార్లు చెప్పాలి? బుర్ర లేదా?" అని హైమ అందరిముందూ అరిచింది. యాభై దాటిన మనిషి. "బల్లమీదుంటే నాకేననుకున్నానమ్మా," అని తలదించుకుని వెళ్ళిపోయాడు.

"బుద్ధిలేని మెషిన్ మాస్టారూ ఇది! ఒక్కటి చదివి చేతులు దులిపేసుకుంటోంది," అంది హైమ ఇప్పుడు.

జకరయ్య మాస్టారు ఆ మెషిన్లతో ముప్ఫై ఏళ్ళుగా వేగుతున్న మనిషి. తెర వైపు చూడనైనా చూడలేదు. రికార్డు రూమునుంచి వెనక్కొచ్చిన ఊళ్ళ జాబితా అందుకుని, కత్తెర తీసి, ఒక్కో పేరూ చీటీగా కత్తిరించడం మొదలుపెట్టారు.

హైమకి ఒళ్ళు మండింది. టైమైపోతుంటే ఈయనకిదేం ఆట?

మాస్టారు చీటీలన్నీ దొంతిగా బల్లమీద పెట్టి సింహాచలాన్ని పిలిచారు. "హైమా, పై చీటీ చదువు. అతను పక్కగదిలో ఆ పేరు చెప్పొస్తాడు. వచ్చాక తర్వాతది చదువు."

"అద్దంకి," అంది హైమ విసురుగా.

సింహాచలం కదిలాడు. కదులుతూ, అలవాటు కొద్దీ, బల్లమీదున్న చీటీలన్నీ ఊడ్చి పట్టుకుపోయాడు. హైమ అరవబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

అతను వట్టి చేతుల్తో తిరిగొచ్చాడు.

"ఊఁ, తర్వాతది చదువు."

"ఏం చదవను మాస్టారూ? చీటీలేవీ?"

"లేకపోతే?"

"లేకపోతే ఇంకేముంది, పనైపోయిన..."

మాట పూర్తికాకుండానే హైమ తెరవైపు తిరిగింది.

మాస్టారు చీటీలు తెప్పించి మళ్ళీ బల్లమీద పెట్టారు. ఈసారి ఒక ఖాళీ ఫైలు సింహాచలం చేతికిచ్చారు. "ఇది నీది. పట్టుకెళ్ళు."

అతను దాన్ని పట్టుకుని వెళ్ళాడు. చీటీలు బల్లమీదే ఉన్నాయి.

హైమ ఒక్క ఉదుటున కీబోర్డు దగ్గరికెళ్ళింది. బయటికెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ చేతికి ఖాళీ ఫైలు అందేలా లైను చివర చిన్న ముక్క చేర్చి నడిపింది.

అద్దంకి. అనకాపల్లి. అమలాపురం. ఆమదాలవలస. పేర్లు ఒకదాని వెనక ఒకటి తెరమీదికి వస్తున్నాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"తప్పు ఎస్‌ఎస్‌హెచ్‌ది కాదు మాస్టారూ. జాబితా దాని ముందే వదిలేశాను. తనకేననుకుని మొత్తం తీసేసుకుంది."

"పొద్దున సింహాచలం కూడా అదే చెప్పాడు," అన్నారు మాస్టారు.

హైమ నలభైమూడో పేరు వచ్చేదాకా తెర వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి తలుపు దగ్గరికెళ్ళింది.

"సింహాచలం గారూ," అని పిలిచింది.