ఇల్లు చేరని రాజు

అనగనగా చుక్కలగుట్ట కింద ఒక అడవి. అడవి అన్నాక పులి ఉండాలి కదా? ఉంది. ఎలుగుబంటి ఉండాలి కదా? అదీ ఉంది. కానీ ఇంకే అడవిలోనూ లేనిది ఒకటి అక్కడ ఉంది. ఏమిటో చెప్పుకోండి చూద్దాం. నాటక సమాజం! నవ్వకండి. నిజంగానే ఉంది.

ఆ సమాజానికి పెద్ద ఎలుగుబంటి భల్లయ్య. బోలు దుంగ మీద మద్దెల వాయించేదీ అతనే, అందరికీ పాటలు నేర్పేదీ అతనే, ఎవరైనా తప్పు పాడితే విసుక్కునేదీ అతనే. శ్రుతికి కీచురాళ్లు. తాళానికి వడ్రంగిపిట్ట. తెర లాగడానికి రెండు కుందేళ్లు.

ఆ ఏడు భల్లయ్య ఒక కొత్త సంగీత నాటకం కట్టాడు. కథ చిన్నదే. వేటకు వచ్చిన ఒక రాజు అడవిలో దారి తప్పుతాడు. ఏడుస్తాడు, పాడతాడు, ఏడుస్తూ పాడతాడు. చివరికి ఒక ముసలమ్మ దీపం పట్టుకొని వస్తుంది. ఒక పాట పాడి, రాజును ఇంటికి చేరుస్తుంది. అంతే కథ.

రాజు వేషం నక్క జంబన్నది. అతని గొంతు అలాంటిది మరి! ఒక్కసారి 'ఓ' అని రాగం ఎత్తుకున్నాడంటే, మనం వాగుకు వెళ్లి నీళ్లు తెచ్చుకునేదాకా ఆ 'ఓ' సాగుతూనే ఉండేది. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువగా జంబన్నకే తెలుసు.

ముసలమ్మ వేషం ముళ్లపంది సూదమ్మది. పాపం, సూదమ్మ పక్కన నిలబడాలంటే అందరికీ భయం. ముళ్లు గుచ్చుకుంటాయని దూరం దూరం జరిగేవారు. అందుకే ఇన్నేళ్లలో ఆమెకు ఏ వేషమూ దక్కలేదు. ఆమె పాట విన్నవాళ్లు ముగ్గురే ముగ్గురు, ఆమె పిల్లలు. ఒకరోజు తేనె వెతుక్కుంటూ వాళ్ల బొరియ పక్కగా వెళ్లిన భల్లయ్య ఆ జోలపాట విన్నాడు. విని తేనె మాటే మరిచిపోయాడు.

"సూదమ్మా, ముసలమ్మ నువ్వే. ఇంకెవరూ వద్దు," అన్నాడు.

"నేనా? నలుగురిలోనా? వద్దు భల్లయ్యా, నాకు వణుకు," అంది సూదమ్మ.

ముగ్గురు పిల్లలూ ఆమె కాళ్లకు చుట్టుకున్నారు. "వెయ్యమ్మా! మేం ముందు వరసలో కూర్చుంటాం. అందరికీ మా అమ్మ అని చెప్పుకుంటాం," అన్నారు. అందరిలోకీ చిన్నది, బుజ్జిముల్లు, ఇంకా గట్టిగా చుట్టుకుంది. ఇంకేం చేస్తుంది? సూదమ్మ ఒప్పుకుంది.

ఎండాకాలం పొడుగునా రిహార్సల్స్ జరిగాయి. ప్రతిరోజూ జంబన్న తన పద్యాలన్నీ పాడేవాడు. పాడటం అవగానే, "నా వంతు అయిపోయిందిగా! గొంతు తడుపుకొని వస్తా," అని వాగుకు వెళ్లిపోయేవాడు. మళ్లీ వచ్చేవాడు కాదు. అప్పుడు భల్లయ్యే రాజులా నిలబడేవాడు. సూదమ్మ అతన్ని చూసి తన పాట పాడుకునేది.

ఇక పులిదొర సంగతి. ఆట చూడటానికి జింకలు, కుందేళ్లు, అడవి పందులు అన్నీ ఒకచోట చేరతాయి. మరి పులి వస్తే? భల్లయ్య ధైర్యం చేసి గుహ దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఆట జరిగే రోజు పొద్దు గూకేదాకా ఎవరి జోలికీ రాను. నా మాట మాటే," అంది పులి. "పొద్దు గూకాక మాత్రం నా నోటికి నేను పూచీ కాదు. నాకూ కడుపుంది."

"చాలు దొరా. పొద్దు గూకేలోపే రాజును ఇంటికి చేర్చేస్తాం," అన్నాడు భల్లయ్య.

ఆట రోజు వచ్చింది. వాగు ఒడ్డున ఇసుకలో అందరూ కూర్చున్నారు. మధ్యలో పులిదొర. దాని చుట్టూ నాలుగు వైపులా బోలెడంత ఖాళీ. ముందు వరసలో సూదమ్మ పిల్లలు ముగ్గురూ, ముళ్లన్నీ చక్కగా దువ్వుకొని కూర్చున్నారు.

తెర లేచింది. నెమలి ఈకల కిరీటంతో జంబన్న వచ్చాడు.

"ఏ దారి పోదునో, ఎవరిని అడుగుదునో, ఓ...!"

ఆహా! ఆకులు కూడా కదలడం మానేశాయి. ఆ 'ఓ' కొండకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది. పాట అయిపోగానే పులిదొర తోకతో నేల మీద ఫట్మని కొట్టింది.

"వన్స్ మోర్!" అంది.

మన నాటకాల్లో ఇదొక సరదా. పద్యం నచ్చితే చూసేవాళ్లు 'వన్స్ మోర్' అని అరుస్తారు. అప్పుడు మళ్లీ పాడాలి. దారి తప్పి ఏడుస్తున్న రాజు, కళ్లు తుడుచుకొని, మళ్లీ మొదటినుంచి ఏడవాలన్నమాట.

జంబన్న మళ్లీ పాడాడు. ఈసారి 'ఓ' ఇంకాస్త పొడుగు.

"అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది బుజ్జిముల్లు.

"వస్తుంది ఉండు," అన్నాడు పెద్దన్న.

రెండో పద్యానికి కోతులన్నీ కొమ్మలు ఊపాయి. "వన్స్ మోర్! వన్స్ మోర్!" జంబన్న మీసం దువ్వుకున్నాడు. మళ్లీ పాడాడు. పొద్దు మెల్లగా గుట్ట వైపు జారింది. తెర పక్కన సూదమ్మ దొన్నెలో మిణుగురును కూర్చోబెట్టి, అదే దీపంగా పట్టుకొని నిలబడి ఉంది.  

"అమ్మ ఎప్పుడొస్తుంది?" అంది బుజ్జిముల్లు.

"వస్తుందన్నాగా!"

మూడో పద్యం అయింది. ఇక ముసలమ్మ రావాలి. "వన్స్ మోర్!" అని అడవంతా ఊగిపోయింది. భల్లయ్య మద్దెల ఆపేశాడు. పొద్దు వైపు చెయ్యి చూపించాడు. "చాలు జంబన్నా! సూదమ్మను రానివ్వు!" అని లోగొంతుతో అన్నాడు.

జంబన్న పొద్దును చూశాడు. తెర పక్కన దీపంతో నిలబడ్డ సూదమ్మనూ చూశాడు. చూడలేదని మనం అనలేం. చూశాడు. మళ్లీ జనం వైపు తిరిగాడు. 'ముసలమ్మది ఒక్క పాటేగా, అది లేకపోతే మాత్రం ఏం?' అనుకున్నాడు. గుండె నిండా గాలి పీల్చి "ఓ..." అని ఎత్తుకున్నాడు.

ఆ 'ఓ' సాగింది, సాగింది, సాగింది. అది ముగిసేసరికి పొద్దు గుట్ట వెనక్కి దిగిపోయింది.

గుర్ర్ర్...

అది రాగం కాదు. పులిదొర కడుపు.

"పొద్దు గూకింది!" అని ఎవరో అరిచారు. అంతే! జింకలు ఒకవైపు, పందులు ఒకవైపు, కోతులు కొమ్మల మీదికి. కుందేళ్లు తెరతో సహా పరారు. సూదమ్మ దీపం వదిలేసి పిల్లల్ని పోగేసుకుని బొరియలోకి పరుగెత్తింది.

బొరియలో బుజ్జిముల్లు ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. "అమ్మా, నువ్వు రాలేదే? మేం ఎంతసేపు చూశామో! రాజు ఇంకా అక్కడే ఉన్నాడా?"

 సూదమ్మకూ ఏడుపు వచ్చింది. కానీ పిల్ల ముందు ఏడవకూడదు కదా. "ఉండు తల్లీ, ఇక్కడినుంచే రాజును ఇంటికి చేరుద్దాం," అని కళ్లు తుడుచుకొని పాట మొదలుపెట్టింది.

మరి జంబన్న ఏమయ్యాడు? పరుగెత్తాడు. కిరీటం జారి కళ్ల మీద పడింది. ఎటు పోతున్నాడో తెలియలేదు. దానికి తోడు వాన మొదలైంది. కిరీటం తీసి చూస్తే అంతా చీకటి. వాసన పట్టుకొని పోదామంటే, వానకు వాసనలన్నీ కొట్టుకుపోయాయి. పుట్టి పెరిగిన అడవిలో జంబన్న దారి తప్పాడు! వెనక ఎక్కడో పులిదొర దగ్గు వినబడింది. సాయం కోసం కేక వేద్దామంటే భయం. అంత గొప్ప గొంతూ ఇప్పుడు నోట్లోనే దాచుకోవాల్సి వచ్చింది.

అప్పుడు వానలోంచి సన్నగా ఒక పాట వినిపించింది.

"అడుగు తీసి అడుగు వెయ్యి నాయనా,
అదిగో మన ఇంటి దీపమున్నది.
ఎంత దూరం పోయినా ఏమిలే,
ఎదురు చూసే గడప ఒకటున్నది."

అందులో పొడుగు రాగాలు లేవు. గమకాలు లేవు. అయినా జంబన్న కాళ్లు వాటంతట అవే అటు కదిలాయి. పాట వెంట అడుగు తీసి అడుగు వేసుకుంటూ వచ్చి, ఒక బొరియ ముందు ఆగాడు. లోపల సూదమ్మ.

"ఎవరది? జంబన్నా? వానలో ఏమిటలా? లోపలికి రా. ముళ్లు చూసుకొని కూర్చో," అంది సూదమ్మ. కోపం ఉంది ఆమె గొంతులో. అయినా రమ్మంది.

జంబన్న ఒద్దికగా ఒక మూల కూర్చున్నాడు. "సూదమ్మా, ఇంత మంచి పాట! ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు.

"ఎండాకాలమంతా రోజూ పాడుతూనే ఉన్నాను జంబన్నా. నువ్వే వాగుకు వెళ్లేవాడివి," అంది సూదమ్మ.

జంబన్న తల వంచుకున్నాడు. బుజ్జిముల్లు అతని దగ్గరికి వచ్చి, తడిసిన కిరీటాన్ని ముట్టుకుంది.

"రాజుగారూ, ఇల్లు దొరికిందా?"

"ఇంకా లేదు తల్లీ," అన్నాడు జంబన్న. అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. ఇంతమంది వన్స్ మోర్ అన్నా రాని ఏడుపు ఇప్పుడు నిజంగానే వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే భల్లయ్య గుండె జారిపోయే పని జరిగింది. అతని ఇంటి ముందు పులిదొర నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమయ్యా భల్లయ్యా, ఆ రాజు ఇల్లు చేరాడా లేదా?" అంది పులి.

"అ... ఆట సగంలోనే ఆగింది కదా దొరా!"

"అదే కదా నా బాధ! రాత్రి వేటకు బయల్దేరాను. దారిలో ఆ రాజే గుర్తొచ్చాడు. 'పాపం, వానలో ఏమైపోయాడో' అనుకుంటూ నిలబడిపోయాను. తిండీ లేదు, నిద్రా లేదు. ఎల్లుండి మళ్లీ ఆడండి. పొద్దు గూకేదాకా అభయం. అంతకుమించి మాత్రం అడగొద్దు!"

మళ్లీ ఆట పెట్టారు. మళ్లీ అందరూ వచ్చారు. పులిదొర చుట్టూ ఖాళీ ఈసారి ఇంకొంచెం ఎక్కువ. ఆకలి మీద ఉన్న పులి కదా!

జంబన్న మొదటి పద్యం పాడాడు. ఎంత బాగా పాడాడనుకున్నారు! 'ఓ' ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పులిదొర తోకతో నేల మీద ఫట్మని కొట్టింది.

"వన్స్ మోర్!"

 పులి అడిగితే కాదనడమే? అయినా జంబన్న రెండు చేతులూ జోడించాడు.

"మన్నించాలి పులిదొరా. మళ్లీ పాడితే నేను ఈరోజు కూడా ఇల్లు చేరను."

 పులి మీసం ఒకసారి కదిలింది.

"అవును సుమా!" అంది పులి. "కానివ్వు, కానివ్వు. త్వరగా పద!"

రెండో పద్యం, మూడో పద్యం చకచకా అయ్యాయి. కోతులు అరిచినా జంబన్న నవ్వి తల అడ్డంగా ఊపాడు. మూడో పద్యం చివర మోకాళ్ల మీద కూర్చుని, "ఈ అడవిలో దారి తెలిసిన తల్లి ఎవరూ లేరా?" అన్నాడు.

దీపంతో సూదమ్మ వచ్చింది. జనాన్ని చూడగానే భయంతో ఆమె ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. టకటకమని కొట్టుకున్నాయి. పాట ఎత్తుకోకుండా అక్కడే ఆగిపోయింది. అప్పుడు జంబన్న లేచి, అందరూ దూరం జరిగే ఆ ముళ్ల పక్కకే వచ్చి నిలబడ్డాడు. రెండు మూడు గుచ్చుకున్నాయి కూడా. కిక్కురుమనలేదు.

"పాడమ్మా. నేను వినడానికే వచ్చాను," అన్నాడు మెల్లగా.

ముళ్లు సర్దుకున్నాయి. సూదమ్మ పాడింది. అడుగు తీసి అడుగు వేసింది. రాజు ఆమె వెనకాలే నడిచాడు. అటూ ఇటూ తిరిగి, ఇసుకలో గీసిన గడప దాటాడు. ఇల్లు చేరాడు.

 పులిదొర పంజాతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు ముందు వరసలోంచి ఒక చిన్న గొంతు వినబడింది.

"వన్స్ మోర్! అది మా అమ్మ!"

అందరూ నవ్వారు. నవ్వి, చటుక్కున పశ్చిమం వైపు చూశారు. పొద్దు గుట్ట అంచున వేలాడుతోంది. సూదమ్మ పొద్దును చూసింది. పులిని చూసింది. "ఇంటికెళ్లాక పాడతాలే తల్లీ," అంది.

పులిదొర లేచింది. అందరూ పారిపోవడానికి సిద్ధమయ్యారు. కానీ అది తీరిగ్గా తిరిగి, గుట్టకు వీపు పెట్టి కూర్చుంది.

"నాకు పొద్దు కనబడటం లేదు," అంది పులి. "పాడమ్మా!"

సూదమ్మ మళ్లీ పాడింది. ఈసారి ఆమె వెనక శ్రుతి కలిపింది ఎవరో తెలుసా? జంబన్న. అది కూడా ఎంత మెల్లగా అంటే, పక్కనున్న భల్లయ్యకు తప్ప ఎవరికీ వినబడలేదు.

నీతి: పదిమంది కలిసి చెప్పే కథలో మన గొంతు ఎంత గొప్పదైనా, పక్కవారి వంతు మనమే మింగేస్తే ఆ కథ ఇల్లు చేరదు.