సింగి అరచేతి గీతలు

ఏడుకొండలవాడి దయవల్ల మీ ముఖాలన్నీ ఎప్పుడూ ఇలాగే నవ్వుతూ ఉండాలి గానీ, వెనకటికి మల్లాంబ అనే రాణి ఏడాదిపాటు నవ్వనే లేదు. నవ్వితే ముడతలు పడతాయని ఆస్థాన వైద్యుడు వామనభట్లు కట్టడి చేశాడు మరి! పైగా మేక గిట్టలు ఉడికించి తీసిన జిగురుతో, ముడతలు పోగొట్టే లేపనమంటూ ఒకటి చేసిచ్చాడు. రాణికి నలుగుపెట్టే దాసి సింగి దాన్ని రోజూ ఆవిడ ముఖానికి రుద్దేది.

ఏడాది తిరిగింది. ముడతలు తగ్గలేదు. రాణి కళ్లెర్రజేస్తే వైద్యుడు తడుముకోకుండా, "లేపనం దివ్యమైనదే తల్లీ! ఈ సింగి మోటుచేతులే దాని గుణాన్ని చెడగొట్టాయి" అన్నాడు.

"అయితే దీన్ని రాజ్యం దాటించండి!" అంది రాణి.

సింగి మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండు అరచేతులూ రాణి ముందు చాపింది.

"వెళ్లిపోతాను తల్లీ. ఒక్కసారి ఈ చేతులు చూడండి. లేపనం మీ బుగ్గకంటే ముందు నా అరచేతికే కదా అంటేది! ఏడాదిగా అందులో నానినా ఒక్క గీతైనా చెరిగిందా?"

వైద్యుడు గయ్యిమన్నాడు. "ఏమే, అవి బ్రహ్మ గీసిన గీతలే! ఏ మందుకు చెరుగుతాయి?"

"మరి అమ్మగారి ముఖం మీదివి ఎవరు గీశారు స్వామీ, మీరా?"

రాణి పెదవులు బిగబట్టింది. అయినా ఆగలేక పకపకా నవ్వేసింది.

"తల్లీ, ముడతలు!" అని మొత్తుకున్నాడు వైద్యుడు.

"పడనీవయ్యా! సింగీ, మిగిలిన జిగురంతా ఈయన నోటికి పూసి, నాకు సున్నిపిండి కలుపు!"