పాటకు కట్టిన చిక్కం

కొండ దిగువన సీతాఫలాల తోపులో వరాలు అనే పిగిలిపిట్ట ఉండేది. పిట్ట పిడికెడే గాని, దాని గొంతు వింటే వాగు కూడా ఒక్క క్షణం నిలబడుతుందనేవారు. ఆ ఏడు ఎండాకాలమంతా తిండీ తిప్పలూ పట్టించుకోకుండా వరాలు ఒక కొత్త పాట కట్టింది. తొలకరి రోజున పాడితే తోపు తోపంతా కదలకుండా వింది. కుందేళ్ళు నోట్లో గడ్డి నమలడం మరిచిపోయాయి. దుక్కి మానేసి ఆ తోపులోనే కాలం గడుపుతున్న ముసలి ఎద్దు పుల్లన్న కళ్ళు మూసుకుని, "ఏం పాటమ్మా! ఇన్నేళ్ళు అరక దున్నిన అలుపు ఇవాళ దిగింది," అన్నాడు.

ఆ పాట అక్కడితో ఆగలేదు. నీలాలు అనే గోరింక ఒక్కసారి విని నేర్చేసుకుంది. వారం తిరక్కుండా అవతలి కొండమీద పాడేసింది. అటునుంచి వచ్చిన ఒక కౌజుపిట్ట వరాలు ఎదుటే, "గోరింక పాట విన్నావా వదినా? అలాంటిది నువ్వూ ఒకటి కట్టరాదూ!" అంది.

వరాలుకు కోపం ముంచుకొచ్చింది. ఎండాకాలమంతా మాడిన కడుపు అప్పుడు నొప్పి పెట్టింది.

సందు దొరికితే చాలు దూరిపోయే నక్క జంబయ్య ఈ సంగతి కనిపెట్టి వచ్చి కూర్చున్నాడు.

"నీ కష్టం గాలికి పోతోందమ్మా వరాలూ. నాకు వదిలెయ్. ఒక్క ముక్క బయటికి పోనివ్వను."

"పాటను ఎలా ఆపుతావు బావా?"

"మొన్న ఊళ్ళో కళ్ళం దగ్గర చూశా. గింజలు తినకుండా ఎద్దుల మూతికి తాడుతో అల్లిన చిక్కం కడుతున్నారు. మనమూ అంతే! పండు తెచ్చినవాళ్ళే పాట వినాలి. విన్నవాళ్ళ మూతికి చిక్కం. పొద్దుగూకేసరికి పాట మరుపున పడుతుంది, అప్పుడు నేనే విప్పుతా. నా ముడి నా పళ్ళకు తప్ప ఇంకొకరికి లొంగదు."

కోపంలో ఉన్న వరాలు సరేనంది.

మర్నాటికి వరాలు ఉండే చెట్టు చుట్టూ ముళ్ళకంచె లేచింది. అందరికన్నా ముందు పుల్లన్నే వచ్చాడు, వాగవతల నుంచి నేరేడు కొమ్మ నోట కరుచుకుని. జంబయ్య పండ్లు తీసుకుని చిక్కం అందుకున్నాడు.

"కళ్ళంలో కట్టారంటే గింజ తింటానని. ఇక్కడేం తింటానని నాయనా?"

"పాట నోట పెట్టుకుపోతావని."

"నా గొంతుతోనా! నేను పాడితే కాకులు కూడా లేచిపోతాయి."

"రూలు రూలే మామా!"

పుల్లన్న మూతి అప్పగించాడు. గోరింక నీలాలు మాత్రం పండూ తేలేదు, కంచె లోపలికీ రాలేదు. పక్కనున్న తాటిమట్ట మీద కూర్చుని హాయిగా విని ఎగిరిపోయింది. వచ్చిన పండ్లలో ఎక్కువపాలు కాపలా కూలి పేరుతో జంబయ్య పొట్టలోకే పోయాయి. కంచే చేను మేయడమంటే అదే.

ఇలా కొన్నాళ్ళు జరిగింది. ఒకనాడు పొద్దున్నే చిక్కాలు కట్టేసిన జంబయ్యకు ఊరి వైపు నుంచి కోడి వాసన తగిలింది. "ఇప్పుడే వస్తా," అని పోయినవాడు రెండు రోజులు రాలేదు. పాట విన్న పాపానికి పుల్లన్న, నాలుగు కుందేళ్ళు మూతులు కట్టేసుకుని పడున్నాయి. నీళ్ళు తాగగలిగాయి గాని, గడ్డిపరక నోట్లోకి పోలేదు. రెండోనాటికి పుల్లన్న ముందుకాళ్ళు మడిచి కూలబడ్డాడు. వరాలు ఏడుస్తూ ఆ ముడిని పొడిచి పొడిచి ముక్కు చిట్లగొట్టుకుంది. ముడి కదల్లేదు.

పొదలోంచి బుడమ్మ అనే చిట్టెలుక పరుగెత్తుకొచ్చింది. "జరుగమ్మా వరాలూ," అంటూ టకటకా తాళ్ళన్నీ కొరికేసింది.

సాయంత్రానికి తిరిగొచ్చిన జంబయ్య మండిపడ్డాడు. "నా ముడి కొరికిందెవరు? కొరికినవాళ్ళూ దొంగలే!"

"నేనే బావా," అంది బుడమ్మ. "ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టని మా జాతిమీద ఒక సామెత ఉందిలే. దాని అర్థం ఇవాళ కళ్ళారా చూశా. పాట ఎత్తుకెళ్ళినవాళ్ళు కొండలమీద పాడుకుంటున్నారు. పండు ఇచ్చినవాళ్ళు ఇక్కడ చావబోయారు."

"అంతా నటన!" అన్నాడు జంబయ్య. "మెత్తని తాడమ్మా వరాలూ. ఎవరికీ ఏ బాధా లేదు. చిక్కం తీశావంటే నీకు ఒక్క పండు రాలదు!"

వరాలు నెమ్మదిగా అంది. "నువ్వు చెబితే నమ్మనా బావా? అంత మెత్తనిదైతే నువ్వే ఒక్కసారి కట్టుకుని నా పాట విను. వీళ్ళ నోళ్ళు మూతపడతాయి."

అందరూ చూస్తున్నారు. జంబయ్య వెనక్కి తగ్గలేకపోయాడు. పళ్ళతో ముడి వేసి, చిక్కం మూతికి తొడుక్కుని, కాలితో తాడు లాగి బిగించుకున్నాడు. వరాలు పాడింది. పాట అయ్యాక జంబయ్య ముడి విప్పుకోబోయాడు. ముడేమో దవడ కింద ఉంది, పళ్ళేమో చిక్కం లోపల ఉన్నాయి! గీరాడు, పొర్లాడు, చెట్టుకేసి రాశాడు. చివరికి బుడమ్మ ముందు మోకరిల్లి "ఊఁ, ఊఁ" అన్నాడు.

"అమ్మో, కొరికితే దొంగనైపోతా బావా!" అంది బుడమ్మ.

తోపంతా పగలబడి నవ్వింది. పుల్లన్న ఒక్కడే నవ్వలేదు. "విప్పమ్మా బుడమ్మా. ఆకలి ఎవరిదైనా ఆకలే," అన్నాడు. రెండు రోజులు పస్తున్నవాడు ఆ మాట అనేసరికి అందరి తలలూ వంగాయి. బుడమ్మ తాడు కొరికింది. జంబయ్య వెనక్కి చూడకుండా కొండ దాటాడు.

వరాలు కంచె పీకించేసి అందరికీ చెప్పింది. "వినండి, నేర్చుకోండి, పాడుకోండి. ఎవరి పాటని అడిగితే నా పేరు చెప్పండి. కలిగినవాళ్ళు ఒక పండు తెస్తే ఇంకో పాట కట్టుకుంటా."

నీలాలు తలొంచుకుని తాటిమట్ట దిగింది. "పేరు చెప్పకపోవడం నా తప్పే వదినా." ఆ రోజు నుంచి ఎక్కడ పాడినా ముందు వరాలు పేరు చెప్పేది. దాంతో మొహమైనా తెలియని పిట్టలు అవతలి కొండల నుంచి నేరేడుపండ్లు కరుచుకుని వచ్చాయి, ఆ పాట కట్టిన గొంతు వినాలని. ఉత్త చేతుల్తో వచ్చినవాళ్ళూ ఉన్నారు. వరాలు వాళ్ళకూ అంతే తీయగా పాడింది.

జంబయ్య మాత్రం ఏ కొండెక్కినా, ఏ పొదలో దూరినా అదే పాట వినపడి చెవులు మూసుకునేవాడు.

నమ్మి వచ్చినవాడి మూతి కట్టినంత మాత్రాన దొంగ నోరు మూతపడదు.