పందొమ్మిదో పలక

ప్రశ్న అడిగినవాళ్ళకు మా గురువుగారు పూర్ణబోధులవారు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద, రేవుదాకా నడుద్దాం" అనేవారు. మా ఆశ్రమం గోదావరి లంకలో ఉంది. ఎటు నడిచినా చివరికి రేవే వస్తుంది. మోక్షం గురించి అడిగినవాడికీ రేవే, మోకాళ్ళ నొప్పికి మందు అడిగినవాడికీ రేవే. నవ్వుతారేం? ఆ భగవంతుడి దయవల్ల నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ దారిలో తెలిసినవే.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే హైమవతిగారు వచ్చారు. ఆవిడ భౌతికశాస్త్రవేత్త. గురువుగారి దగ్గర చిన్ననాటినుంచీ చనువు. పదకొండేళ్ళుగా ఆవిడ పనంతా ఒక పాత గనిలో, కిలోమీటరు లోతున. ఆ పనేమిటో నాకు అర్థమైనంత చెబుతాను. గెలాక్సీలని, నక్షత్రాల మహా సమూహాలు తిరుగుతూ ఉంటాయట. ఆ వేగానికి అంచున ఉన్న నక్షత్రాలు ఎప్పుడో చెదిరిపోవాలి, కంటికి కనిపించే బరువు వాటిని పట్టి ఉంచడానికి చాలదు. అయినా చెదరడం లేదు. అంటే కనిపించని బరువేదో ఉండాలి. దానికి కృష్ణ పదార్థమని పేరు. పేరు వినగానే నేను చేతులు జోడించాను, ఆవిడ నవ్వారు. దాని రేణువు ఒక్కటి తగిలినా చిన్న మెరుపు మెరవాలని, పెద్ద పాత్రనిండా ద్రవం పోసి, పైనుంచి ఏ అలజడీ రాకుండా కొండంత రాయి నెత్తిన పెట్టుకుని కాచుకుని కూర్చున్నారు. పదకొండేళ్ళలో ఆ మెరుపు ఒక్కసారీ రాలేదు.

ఆవిడ చేతిలో ఒక కవరు ఉంది. అందులో రాజీనామా. అవతలి ఒడ్డున పోస్టాఫీసులో రిజిస్టరు చేయించడమే తరువాయి.

"ఇంకో పదేళ్ళు ఉండమంటున్నారు గురువుగారూ. ఈసారి ఇంకా పెద్ద పాత్రట. మళ్ళీ 'దొరకలేదు' అని రాసి సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. నేను చేసేది తపస్సో, తెలివితక్కువతనమో మీరే చెప్పండి."

"పద, రేవుదాకా నడుద్దాం," అన్నారు గురువుగారు. నేను గొడుగు పట్టుకుని వెనకాలే నడిచాను.

రేవులో నూకరాజు పడవ సిద్ధంగా ఉంది. మాతో కలిపి పదిహేనుమందిమి ఎక్కి కూర్చున్నాం. నూకరాజు మాత్రం గెడ తీయకుండా పడవ పక్కకు వంగి చూశాడు. "ముగ్గురు దిగాలండి. పన్నెండుమందినే తీసుకెళ్తాను."

కూరగాయల గంప ఒళ్ళో పెట్టుకున్న మంగాయమ్మ గయ్యిమంది. "పదిహేనుమందిని ఎక్కించుకునేవాడివి గదరా! ఇప్పుడేం మాయరోగం?"

పడవ పక్కన, బరువుకి ఎంత మునిగిందో తెలిసేలా, ముగ్గురికొకటి చొప్పున కిందనుంచి పైకి ఇత్తడి మేకులు కొట్టి ఉన్నాయి. నూకరాజు వాటిని చూపించాడు. "ఖాళీ పడవకి నీళ్ళు అడుగు మేకు దగ్గరుండాలి. దీపావళినించీ రెండో మేకు దగ్గరుంటన్నాయి. ఎవరూ ఎక్కకుండానే ముగ్గురి బరువుందిందులో. నాకు కనపడ్డం లేదు, అంతే."

"మేకే తప్పు కొట్టుంటారు."

"మా అయ్య కొట్టాడు. అయినా అనుమానమొచ్చి పై రేవోళ్ళ కొలకర్ర తెచ్చి కొలిచాను. అదీ ఇదే చెప్పింది."

"అయితే నీ పెళ్ళాం కోపం ఎక్కి కూర్చుందిరా! దాన్ని దింపు, అదే తేలుద్ది."

పడవంతా గొల్లుమంది. నూకరాజు కూడా నవ్వాడు. కాని గెడ ముట్టుకోలేదు.

హైమవతిగారు ఒక్కరే నవ్వలేదు. "మేకు తప్పేమో అనేవాళ్ళు మాలోనూ ఉన్నారు," అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "కనిపించని బరువేదీ లేదు, గురుత్వాకర్షణ సూత్రమే సరిదిద్దుకోవాలంటారు."

గురువుగారు లేచి, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగారు. ఆయన దిగాక మేమిద్దరం కూర్చుంటామా? పడవ పన్నెండుమందితో వెళ్ళిపోయింది. రిజిస్టరు ఉత్తరాలు పన్నెండింటిదాకానే తీసుకుంటారని హైమవతిగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. గురువుగారు ఇసుకలో కూర్చుని జపం చేసుకుంటున్నారు.

పడవ ఖాళీగా తిరిగొచ్చింది. నూకరాజు మమ్మల్ని ఎక్కమనలేదు. అడుగున పరిచిన పలకల్లో ఒకటి పైకెత్తాడు. కిందున్న చారెడు నీళ్ళు తోడి పోశాడు. చెయ్యి దూర్చి మూలమూలా తడిమాడు, వేళ్ళ కణుపులతో కొట్టి చెవి ఆనించి విన్నాడు. పలక మళ్ళీ బిగించి సుద్దముక్కతో గీత పెట్టాడు. ఆ వరసలో అప్పటికే పద్ధెనిమిది పలకలమీద గీతలున్నాయి.

"కర్ర నీళ్ళు పీల్చుకుందేమో నూకరాజూ?" అన్నారు హైమవతిగారు.

"అదీ చూశానండి. ఒడ్డుకి లాగి పది రోజులు ఎండబెట్టాను. తేడా రాలేదు."

"మరి ఇందాకటి పలక కింద?"

"పందొమ్మిదోదండి. లేదు." నీళ్ళు చల్లగా ఉన్నాయి అన్నట్టు చెప్పాడు ఆ మాట.

"అన్ని పలకలూ చూశాక కూడా దొరక్కపోతే?"

నూకరాజు సుద్దముక్క చెవిమీద పెట్టుకున్నాడు. "దొరికేదాకా పన్నెండుమందినే తీసుకెళ్తానమ్మగోరూ. బరువైతే ఉంది గదా, నీళ్ళు నాతో పరాచికాలాడవు. గీత పెట్టిన పలక మళ్ళీ ఎవరూ ఎత్తక్కర్లేదు. రేపు నేను లేకపోయినా, నా తరవాతోడు ఇరవయ్యోదానికాణ్ణించి మొదలెడతాడు. ఎక్కండి, పోస్టాఫీసు కట్టేస్తారు."

ఆవిడ పడవెక్కారు. బల్లమీద కూర్చోలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పడవ అడుగున మోకాళ్ళమీద వంగారు.

"ఇరవయ్యోది ఇదేనా? ఆ సుద్దముక్క ఇటు పారెయ్యి."

గట్టుమీంచి గురువుగారు చెయ్యి చాచారు.

"కవరు ఇటివ్వమ్మా, తడుస్తుంది."